ఎద్దు పొడిచిన గాయాలు

అమ్మ ట్రంకు పెట్టెలో అడుగున నాలుగు రిజిస్టర్లు ఉన్నాయి. వాటిలో ఒకటి 1991 నాటిది. దాని జూన్ నెల పేజీలు తిప్పితే ఇరవై రోజుల్లో ముగ్గురిని ఎద్దు పొడిచినట్టు రాసి ఉంటుంది. ముగ్గురూ మగవాళ్లే, ముగ్గురూ ఇరవైకీ పాతికకూ మధ్య వయసువాళ్లే. ఒకరికి తొడ మీద, ఒకరికి భుజం మీద, ఇంకొకరికి పిక్క మీద గాయం. ఊరి పేరు రాయాల్సిన గడిలో గీత గీసి ఉంది. తోడు వచ్చినవారు ఎవరు అన్న గడిలో మూడు చోట్లా ఒకటే మాట: "అన్న".

నేను వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినదాన్ని. ఎద్దు పొడిచిన మనిషిని చిన్నప్పుడు చూశాను. ఎద్దు కొమ్ము చీరేస్తుంది. పిక్కకు ఇటువైపు చిటికెనవేలు పట్టేంత రంధ్రం, అటువైపు గుప్పెడంత గాయం చేసే ఎద్దు మా ఊళ్లో లేదు.

"ఎద్దు అని ఎందుకు రాసినవమ్మా?" అని అడిగాను.

"మరేం రాయాలె బిడ్డా? తూటా అని రాస్తే పొద్దటికల్లా స్టేషనుకు కబురు పోవాలె. ఏం రాయకుంటే అదొక తప్పు. ఎద్దు మీదయితే ఎవరూ కేసు పెట్టరు."

అమ్మ 1986 నుంచి 2004 దాకా ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సుగా పనిచేసింది. ఊరి పేరు, నర్సింగ్ హోమ్ పేరు రాయను. వరంగల్‌కు నలభై కిలోమీటర్ల దూరంలో, పాకాల అడవి వైపు పోయే దారిలో ఉన్న చిన్న టౌను అని మాత్రం చెబుతాను. సారు సర్జన్, డాక్టరమ్మ కాన్పుల డాక్టరు. ఆ రోజుల్లో మా వైపు నర్సింగ్ హోమ్‌లు చాలావరకు ఇలాగే భార్యాభర్తలు కలిసి పెట్టుకున్నవే. ఎనిమిది మంచాలు, ఒక ఆపరేషన్ థియేటర్, ముందు గదిలో మెడికల్ షాపు. రోగి వెంట వచ్చినవాళ్లు వంట చేసుకోవడానికి వెనక రేకుల షెడ్డు. సారు రాత ఎవరికీ అర్థం కాదు కాబట్టి రిజిస్టర్ రాసే పని అమ్మకు వచ్చింది.

ఆ రిజిస్టర్లు మా ప్రాంతపు చరిత్ర అని నేను నమ్ముతున్నాను. అబద్ధం రాసిన పేజీలతో సహా. అలాంటివి వందల కొద్దీ పాత కాగితాల బండ్లకు తూకంలో పోయాయి, ఇంకా పోతున్నాయి. నా గోడు ఆ నష్టం గురించే.

ఆ రోజుల్లో నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య నడిచినదాన్ని యుద్ధం అనొచ్చా అని అడిగేవాళ్లుంటారు. ప్రభుత్వం శాంతిభద్రతల సమస్య అంది. అవతలివాళ్లు ప్రజాయుద్ధం అన్నారు, పార్టీ పేరులోనే ఆ మాట పెట్టుకున్నారు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1980లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో పీపుల్స్ వార్ ఏర్పడింది. అజ్ఞాతంలోకి పోకముందు ఆయన వరంగల్ సెయింట్ గాబ్రియెల్ స్కూల్లో హిందీ మాస్టారు. 1989లో నక్సలైట్ల మీదికి గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక పోలీసు దళాలు వచ్చాయి. 1992 మేలో పార్టీ మీద నిషేధం, 1995లో దాని ఎత్తివేత, 1996లో మళ్లీ నిషేధం, 2004లో చర్చలు. ఈ తేదీలు పుస్తకాల్లో దొరుకుతాయి. నర్సింగ్ హోమ్‌లో పనిచేసేవాళ్లకు ఇవి రోడ్డు మీద తెలిసేవి. రాత్రి హాల్టింగ్ బస్సులు బంద్ అయితే నొప్పులు మొదలైన ఆడమనిషిని ఎడ్లబండి మీద తెచ్చేవాళ్లు. పోలీసులు అడవిని గాలించే కూంబింగ్ జరుగుతుంటే జ్వరాల వాళ్లు రావడం ఆగిపోయేది. నాలుగైదు రోజుల తర్వాత ఒక్కసారిగా వచ్చేవాళ్లు, మలేరియా తలకెక్కి, ఒళ్లు తెలియకుండా. రోడ్డు మీద నడవాలంటే ఇద్దరి అనుమతి కావాల్సి వచ్చిన చోట ఏం జరుగుతుందో దానికి యుద్ధం కాక వేరే పేరు నాకు తోచదు.

సారు కాకతీయ మెడికల్ కాలేజీలో చదివారు. ఆయన నర్సింగ్ హోమ్ పెట్టడానికి కొద్దిగా ముందే, 1985 సెప్టెంబర్ 3న, వరంగల్‌లో డాక్టర్ రామనాథం హత్య జరిగింది. ఆయన పిల్లల డాక్టరు, పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు. అంతకుముందు రోజు కాజీపేటలో నక్సలైట్లు ఒక ఎస్సైని కాల్చి చంపారు. ఆ ఎస్సై శవయాత్ర వరంగల్‌లో సాగుతుంటే ఊరేగింపులోని పోలీసులు రామనాథం క్లినిక్‌లోకి చొరబడి ఆయన్ని కాల్చి చంపారు. వరంగల్ జిల్లాలో చిన్నపిల్లలున్న ఇల్లు ఏదైనా ఆయన పేరు తెలియని ఇల్లు కాదని అమ్మ అంటుంది. ఆ తర్వాత జిల్లాలో ప్రతి డాక్టరూ తన క్లినిక్ తలుపు గడియ వైపు ఇంకోలా చూశాడు. రాత్రి తలుపు కొడితే సారు ముందు కిటికీ దగ్గరికి పోయి చెప్పుల వైపు చూసేవారట. బూట్లా, రబ్బరు చెప్పులా, ఒట్టి కాళ్లా అని.

సారు అందరికీ తలుపు తీశారని రాయాలని నాకు ఉంది. అది నిజం కాదు. ఒక రాత్రి, డాక్టరమ్మకు నెలలు నిండి ఉన్నప్పుడు, ఇద్దరు మనుషులు ఒకతన్ని దుప్పట్లో మోసుకొచ్చారు. సారు కిటికీలోంచే వరంగల్ పెద్ద సర్కారు దవాఖానా ఎంజీఎంకు తీసుకుపొమ్మన్నారు. ఎంజీఎంకు పోలేని మనిషి కాబట్టే ఇక్కడికి తెచ్చారని ఆయనకు తెలుసు. వాళ్లు మారు మాట్లాడకుండా వెళ్లిపోయారు. అది ఏ రిజిస్టరులోనూ లేదు. ముప్పయ్యేళ్ల తర్వాత అమ్మ నాకు చెప్పింది, చెప్పి వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

తలుపు తీసిన రాత్రుల్లో ఏం చేసేవారో అమ్మ వివరంగా చెబుతుంది, పని గురించి మాట్లాడేటప్పుడు ఆమె గొంతు మారుతుంది. తూటా గాయాన్ని వెంటనే కుట్టకూడదు. లోపల బట్ట పీలికలు, మట్టి, చచ్చిన కండ ఉంటాయి. కుట్టి మూసేస్తే లోపల కుళ్లి, గ్యాంగ్రీన్ పట్టి కాలు పోతుంది, మనిషీ పోతాడు. చచ్చిన కండను కత్తిరించి, బాగా కడిగి, గాజుగుడ్డ పెట్టి తెరిచే ఉంచాలి. నాలుగైదు రోజుల తర్వాత శుభ్రంగా ఉంటే అప్పుడు కుట్టాలి. ప్రపంచ యుద్ధాల్లో సర్జన్లు ఎందరి కాళ్లో పోగొట్టి నేర్చుకున్న పాఠం అది. పుస్తకంలో చదివింది సారుకు ఇక్కడ పనికొచ్చింది. కానీ ఆ నాలుగైదు రోజులు ఎక్కడ? తెల్లవారేలోపు మనిషి వెళ్లిపోవాలి. అందుకని అమ్మ ఆ "అన్న"ను పక్కన కూర్చోబెట్టి నేర్పేది. నీళ్లలో ఉప్పేసి మరగబెట్టాలి, మూత పెట్టి చల్లార్చాలి, చేతులు మోచేతి దాకా సబ్బుతో రుద్దాలి, పాత గుడ్డను లాగకుండా తడిపి తీయాలి, వాసన చూడాలి. వాసన మారితే ఏం చేయాలె అని ఒక పిల్లాడు అడిగాడట. "అప్పుడు ఎట్లన్న చేసి తీస్కరా" అని చెప్పిందట. అతను మళ్లీ రాలేదు. వాసన మారలేదో, తీసుకురావడానికి వీలు కాలేదో అమ్మకు ఇప్పటికీ తెలియదు.

1994 రిజిస్టరులో మరో ఎంట్రీ ఉంది. దాంట్లో అబద్ధమేమీ లేదు. "పోలీస్ కానిస్టేబుల్, వయసు 24, మందుపాతర, కుడి తొడ. సెలైన్, టీటీ. ఎంజీఎంకు పంపడమైనది." తొడలో పెద్ద రక్తనాళం తెగింది. బిగించి కట్టినా రక్తం ఆగలేదు. సారు గజ్జ దగ్గర నొక్కమంటే అమ్మ పిడికిలి పెట్టి తన బరువంతా వేసి నొక్కింది. చెయ్యి తీస్తే పోతాడు కాబట్టి అట్లాగే జీపు ఎక్కింది. వరంగల్ దాకా నలభై కిలోమీటర్లు, గుంతల రోడ్డు మీద, మోకాళ్ల మీద కూర్చుని. ఎంజీఎంలో ఆమె వేళ్లను వేరేవాళ్లు పట్టి విడదీయాల్సి వచ్చింది. సెలైన్ ఎక్కించేటప్పుడు అతని చేతిగడియారం తీసి డ్రాయర్లో పెట్టి మర్చిపోయారు. ఆ ఎంట్రీ కింద పన్నెండు రోజుల తర్వాతి తేదీతో అమ్మ రాతలోనే ఇంకో వరుస ఉంది. "వాచీ 1. తల్లికి ఇవ్వడమైనది." పక్కన వేలిముద్ర.

ఆ వేలిముద్రను చూసిన ప్రతిసారీ నేను పేజీ తిప్పలేక ఆగిపోతాను.

రెండు వైపుల గాయాలనూ చూసిన ఇంటిని రెండు వైపులా నమ్మలేదు. సారును ఒక స్టేషనుకు తీసుకెళ్లి రెండు రాత్రులు కూర్చోబెట్టారు. కొట్టలేదు, నిద్ర పోనివ్వలేదు. ఎద్దుల గురించి అడిగారట. మరో ఏడాది చందా కోసం నక్సలైట్ల నుంచి ఉత్తరం వచ్చింది. అందులో అడిగిన డబ్బు నర్సింగ్ హోమ్‌లో మూడు నెలల్లో కూడా వచ్చేది కాదు. డాక్టరమ్మ గాజులు అమ్మిన సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. అప్పట్లో పౌరహక్కులవాళ్లు ఒక వైపు, పోలీసు అధికారులు ఇంకో వైపు పత్రికల్లో వాదించుకునేవాళ్లు. చిన్న టౌన్ల డాక్టర్లు, కాంపౌండర్లు, నర్సుల మాట ఆ వాదనల్లో ఎక్కడా వినపడలేదు. ఎవరో ఒకరి పక్షాన ఉంటేనే మాట్లాడే హక్కు ఉన్నట్టు సాగాయి ఆ రోజులు.

నిజానికి చట్టం వాళ్ల పక్షాన కొంత ఉంది. 1989లో పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. స్కూటర్ మీద పోతున్న మనిషిని కారు గుద్దితే దగ్గరి ఆసుపత్రివాళ్లు పోలీసులతో ముడిపడిన మెడికో లీగల్ కేసు మేం చూడమని ఇరవై కిలోమీటర్ల దూరానికి పంపారు, దారిలోనే అతను చనిపోయాడు. దాని మీద కోర్టు చెప్పింది ఏమిటంటే, గాయపడింది నిరపరాధి అయినా నేరస్తుడు అయినా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు ఆ తర్వాతే. ప్రభుత్వ డాక్టరుకైనా, ప్రైవేటు డాక్టరుకైనా ఇదే బాధ్యత. ఇంకా వెనక్కి వెళ్తే 1949 జెనీవా ఒప్పందాలు. మన దేశం సంతకం చేసిన ఆ ఒప్పందాల్లో, నాలుగింటిలోనూ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణం ఒక దేశం లోపల జరిగే పోరాటాల గురించే. గాయపడినవారినీ రోగులనూ చేరదీసి సంరక్షించాలి అని అందులో ఉంది. ఎవరి పక్షం వారిని అన్న షరతు లేదు. అర్ధరాత్రి కిటికీ దగ్గర నిలబడి చెప్పుల వైపు చూసే మనిషికి ఆ కాగితాల నుంచి ఏ రక్షణా రాలేదు. అయినా సారు, అమ్మ చేసింది తప్పు కాదు, అది డాక్టరు పని, నర్సు పని. దీనికి నేను "కానీ" చేర్చను.

ఇక మూడో రిజిస్టరు. 1997 చివర, 1998 మొదట. ఇందులో తూటా గాయాలు వెతికితే కానీ కనపడవు. పేజీలకు పేజీలు "మందు తాగిన కేసు" అని ఉంటుంది, మందు అంటే పురుగుమందు. ఆ ఏడాది వరంగల్ జిల్లాలో పత్తిని లద్దె పురుగు, పచ్చ పురుగు తినేశాయి. మందు మీద మందు కొట్టారు, పురుగు చావలేదు. మందుల దుకాణంలో అప్పు, వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు, కౌలు బాకీ. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తీసుకుపోవడానికి పత్తి లేదు. వందల మంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు, చాలామంది ఆ పురుగుమందే తాగి.

తూటా గాయం ఒక రాత్రి పని. ఈ కేసు అయిదు రోజులు, పది రోజులు. విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. మన దగ్గర దొరికే ఒక్కో చిన్న ఆంప్యూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములే. ఒక్క రోగికే ఒక్క రాత్రి పదుల కొద్దీ పగలగొట్టాలి. నోరు ఎండిందా, గుండె వేగం పెరిగిందా, ఊపిరితిత్తుల్లో నీటి చప్పుడు తగ్గిందా అని నిమిష నిమిషానికీ చూసుకుంటూ ఉండాలి. ఆ చలికాలం అమ్మ బొటనవేళ్లకు, చూపుడు వేళ్లకు ఎప్పుడూ పట్టీలే ఉండేవి, ఆంప్యూళ్ల గాజు కోసుకుని. అట్రోపిన్ ఎక్కువయితే రోగి మతి తప్పి గాలిలో ఏదో ఏరుతున్నట్టు చేతులాడించేవాడు. "పత్తి ఏరుతుండు" అనేవారట వార్డులో. నాకప్పుడు పదహారేళ్లు. అమ్మకు టిఫిన్ తీసుకుపోయినప్పుడు ఒక తాతను అట్లా చూశాను. ఆ చేతులు నిజంగానే పత్తి ఏరుతున్నాయి, బొటనవేలూ రెండు వేళ్లూ కలిపి, కాయలోంచి లాగినట్టు.

ఈ పేజీలు చూశాకే నా ఆలోచన మారింది. మా తరంలో తెలంగాణ చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా ఎన్‌కౌంటర్ల గురించి, మందుపాతరల గురించి రాస్తారు. అవి రాయాల్సినవే. కానీ ఒకే మంచం మీద 1991లో తూటా తగిలిన పిల్లాడు, 1994లో కానిస్టేబుల్, 1997లో పత్తి రైతు పడుకున్నారు. మంచం నెంబర్లు కూడా అమ్మ రాసింది. ఈ ముగ్గురి ఇళ్లూ ఒకే రకం ఇళ్లు. మూడింట్లోనూ రెండెకరాలో మూడెకరాలో భూమి, తీరని అప్పు. ఈ సంగతిని ఏ ఉపన్యాసమూ చూపించనంత స్పష్టంగా రిజిస్టరు వరుసలు చూపిస్తాయి. విడివిడి పుస్తకాల్లో పడిపోయిన ఈ ముగ్గురూ కలిసి ఉన్న చోటు నర్సింగ్ హోమ్ ఒక్కటే.

మన దగ్గర చనిపోయినవాళ్ల లెక్క ఉంటుంది, కనీసం ఆ లెక్క మీద కొట్లాట ఉంటుంది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు చంపినవాళ్లకు స్మారకం ఉంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన గోండులు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది, అంతకు ఎన్నో రెట్లు అని హక్కుల సంఘాలు అన్నాయి. ఆ తగాదా నేటికీ తెగలేదు. అడవుల్లోకి గాయాలతో పారిపోయినవాళ్లు ఎంతమంది? వాళ్లకు కట్టు కట్టింది ఎవరు? ఎవరి చెయ్యి పడిపోయింది, ఎవరు కుంటుతూ బతికారు? స్తూపాలు కట్టేవాళ్లు రెండు వైపులా ఉన్నారు, ఎర్ర స్తూపాలు ఒక వైపు, పోలీసు అమరుల స్తూపాలు ఒక వైపు. గాయపడి బతికినవాళ్లు మాత్రం నోరు మూసుకుని బతకాల్సి వచ్చింది. వాళ్ల ఉనికికి మిగిలిన ఒకే సాక్ష్యం ఇట్లాంటి ఒక వరుస, అదీ ఎద్దు పేరు మీద.

మరి ఆ సాక్ష్యానికి ఏమవుతోంది? ఇన్‌పేషెంట్ల రికార్డులను డాక్టరు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు ఉంచితే చాలు అని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలు చెబుతాయి. మూడేళ్ల తర్వాత ఏం చేయాలన్నది ఆ ఇంటివాళ్ల ఇష్టం. కేంద్ర ప్రభుత్వ దస్తావేజులకు 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం ఉంది, ప్రైవేటు నర్సింగ్ హోమ్ దాని కిందికి రాదు. సారు పోయాక పిల్లలు బిల్డింగ్ అమ్మేశారు. వాళ్లను తప్పు పట్టను, దూర దేశంలో ఉన్నవాళ్లు వారం రోజుల్లో ఇల్లంతా ఖాళీ చేయాలి. పాత పేపర్ల బండి వచ్చిన రోజు డాక్టరమ్మ అమ్మకు ఫోన్ చేయబట్టి ఈ నాలుగైనా మిగిలాయి. మిగతా పద్నాలుగేళ్ల రిజిస్టర్లు తూకంలో పోయాయి. కొన్నాళ్ల పాటు ఆ వీధిలో మిర్చి బజ్జీలు వాటిలోనే కట్టి ఇచ్చి ఉంటారు.

దీని మీద నాతో గట్టిగా వాదించినవాళ్లున్నారు. ఒక స్నేహితురాలు, లాయరు, అంది: "నువ్వు చరిత్ర అంటున్నది రోగుల రహస్యం. దాన్ని బయటపెట్టే హక్కు నీకు లేదు. రేపు ఎవరి ఇంటి తలుపో కొడతారు." ఇది పెద్ద అభ్యంతరం, దీన్ని తేలిగ్గా తీసేయను. ఈ వ్యాసంలో ఊరి పేరు లేకపోవడానికి కారణం అదే. కానీ రహస్యం కాపాడాలంటే తగలబెట్టడం ఒక్కటే దారి కాదు. పేర్లు, ఊళ్లు మూసేసి, తేదీ, వయసు, గాయం, చికిత్స మాత్రం నకలు తీసి పెట్టవచ్చు. అసలు ప్రతులను యాభై ఏళ్లో, అరవై ఏళ్లో ఎవరూ తెరవకుండా సీలు వేసి ఉంచవచ్చు. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. వరంగల్‌లో కాకతీయ యూనివర్సిటీ ఉంది, చరిత్ర శాఖ ఉంది, మెడికల్ కాలేజీ ఉంది. ఈ ముగ్గురూ కలిసి కూర్చుంటే అయ్యే పని ఇది. ఉత్తర తెలంగాణలో 1980లలో, 90లలో నర్సింగ్ హోమ్‌లు పెట్టిన డాక్టర్లకు ఇప్పుడు డెబ్బై దాటుతున్నాయి. ఏటా కొన్ని బిల్డింగులు అమ్ముడుపోతున్నాయి. వాళ్ల దగ్గర పనిచేసిన ఆయాలు, కాంపౌండర్లు ఇంకా ఉన్నారు. కాగితం పోయినా ఎద్దు అంటే ఏమిటో చెప్పగలిగినవాళ్లు వాళ్లే. ఇంకో పదేళ్లకు రిజిస్టరు దొరికినా దాన్ని చదివి చెప్పేవాళ్లు ఉండరు.

నేను మొదలుపెట్టిన పని చిన్నది. నాలుగు రిజిస్టర్లనూ సెలవుల్లో అమ్మ పక్కన కూర్చుని వరుస వరుసా నోట్ బుక్కులోకి ఎక్కిస్తున్నాను, పేర్లు వదిలేసి. మొదట్లో అమ్మకు ఇష్టం లేదు. "ఎందుకు బిడ్డా ఇప్పుడు" అనేది. తర్వాత తనే గుర్తు చేసుకుని చెప్పడం మొదలుపెట్టింది, అద్దాలు సవరించుకుంటూ, వేలితో వరుస చూపిస్తూ.

పోయిన సంక్రాంతికి 2001 రిజిస్టరులో ఒక పేజీ దగ్గర ఆమె వేలు ఆగింది. అక్కడ ఎద్దు ఉంది. కానీ ఆ రాత్రి కంగారులో గీత గీయాల్సిన గడిలో ఊరి పేరు, ఇంటిపేరుతో సహా మనిషి పేరు నిజమైనవే రాసేసింది. ఆ మనిషి బతికే ఉన్నాడట, పిల్లలు పెద్దవాళ్లయ్యారట.

"ఈ ఒక్క కాగితం చింపి ఇయ్యరాదు, పొయ్యిలేస్త" అంది.

ఇంతసేపూ మీ ముందు చెప్పిన వాదనంతా అమ్మకూ చెప్పాను. విన్నది. జవాబు చెప్పకుండా లేచి వెళ్లింది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. తిరిగొచ్చినప్పుడు ఆమె చేతిలో దబ్బనం, తెల్ల దారం ఉన్నాయి. ఆ కాగితాన్ని నిలువునా లోపలికి మడిచి, అంచులు కలిపి పట్టుకుని, అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని కుట్టడం మొదలుపెట్టింది. ఒక్కో కుట్టుకూ విడిగా ముడి వేసి దారం తెంపుతూ పోయింది, గాయాలకు వేసినట్టే. మొత్తం పదకొండు కుట్లు పడ్డాయి.

"ఇగ పెట్టెల పెట్టు" అంది.